చెయ్యెత్తే మొగడికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తోంది?

పెండ్లాన్ని కొట్టడం ఫలానా కులంలో ఎక్కువ, ఫలానా కులంలో లేదు అనే మాట డిచ్‌పల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వినిపిస్తుంది. ఊరి నడుమ వున్నవారు వాడను చూపిస్తారు. వాడలో వున్నవారు తండాను చూపిస్తారు. బోధన్ వైపు పోతే నిజాంసాగర్ నీళ్ళ వెంట వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన ఆంధ్రా రైతులు స్థానికులను చూపిస్తారు, స్థానికులు క్యాంపులను చూపిస్తారు. హిందువు ముస్లిం ఇంటిని, ముస్లిం హిందువు ఇంటిని చూపిస్తాడు. అందరి వేలూ పక్కింటి మీదనే వుంటుంది గనుక తన ఇంట్లో ఏమవుతున్నదో ఎవరూ చెప్పే పని లేకుండా పోతోంది.

"గా కులపోళ్ళు గంతే, వాళ్ళ రక్తమే గట్లాంటిది" అనే ఈ మాటను విని నవ్వి ఊరుకుంటే సరిపోదు. వ్యవసాయ కార్మికులను కులాల వారీగా విడగొట్టే మాటల్లో ఇదొకటి. పైగా దెబ్బలు తినే స్త్రీకి దీనివల్ల ఏ మేలూ లేదు. రక్తంలో వున్నదాన్ని మార్చలేం గదా, పడి వుండాల్సిందే అనే తీర్పు ఈ మాట లోపలే దాగి వుంది. కనుక తేడాలు నిజంగా వున్నాయా, వుంటే ఎందుకున్నాయి అన్నది మనం తేల్చుకోవలసి వుంది.

లెక్కలు చెప్పేది

తేడాలు నిజంగానే వున్నాయి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న, పెళ్ళయిన స్త్రీలను అడిగారు. భర్త చేతిలో ఎప్పుడైనా హింసకు గురయ్యామని చెప్పినవారు దేశం మొత్తం మీద నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. మన తెలంగాణలో దాదాపు 37 మంది. కర్ణాటకలో 44 మంది. కేరళకు పోతే పది మందికి మించలేదు. హిమాచల్ ప్రదేశ్‌లో ఎనిమిది మంది.

దేశాల మధ్య కూడా ఇంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో జరిపించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో, భర్త లేక సహచరుడి చేతిలో హింసకు గురైన స్త్రీలు జపాన్‌లోని ఒక నగరంలో నూటికి 15 మంది అయితే, ఇథియోపియాలోని పల్లె ప్రాంతంలో 71 మంది. ఎక్కడా సున్నా లేదు. ఎక్కడా నూటికి నూరూ లేదు.

రక్తం వాదన ఇక్కడే తేలిపోతుంది. మాదిగలు, మాలలు, రెడ్లు, ముస్లిములు ఆంధ్రలోనూ వున్నారు, తెలంగాణలోనూ వున్నారు. రక్తమే కారణమైతే రాష్ట్రం దాటినంత మాత్రాన లెక్క మారకూడదు. లంబాడీల సంగతే చూడండి. తండాల్లో ఒకప్పుడు పిల్లవాడి తరఫువారే పిల్ల తండ్రికి ఓలి ఇచ్చి పెళ్ళి చేసుకునేవారు. ఒకటి రెండు తరాల్లో ఆ ఓలి పోయి కట్నం వచ్చింది. ఈనాడు తండాలో ఆడబిడ్డ పెళ్ళికి తండ్రి ఎకరం అమ్ముకుంటున్నాడు. కట్నం తక్కువైందని కోడలి మీద చెయ్యి చేసుకునే అలవాటు ఆ వెంటనే వచ్చింది. మనుషులు వారే, కులం అదే. మారింది ఆడపిల్లకు కట్టే వెల. ఓలి కాలంలో ఆడది సుఖపడిందని మేము అనడం లేదు. ఆచారం అనేది బతుకుదెరువును బట్టి మారుతుంది, రక్తాన్ని బట్టి కాదు అనడానికి మాత్రం ఇది కళ్ళ ముందున్న సాక్ష్యం.

చెప్పుకున్నవి, చెప్పుకోనివి

లెక్కలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సర్వేలో కనిపించేది జరిగిన దెబ్బల లెక్క కాదు, నోరు విప్పి చెప్పిన దెబ్బల లెక్క. కర్ణాటకలో 2015-16 సర్వే నాటికి నూటికి 21 మంది వున్న లెక్క, తర్వాతి సర్వేకల్లా 44కు పెరిగింది. ఐదేళ్ళలో కన్నడ మగవారంతా రెండింతలు దుర్మార్గులయ్యారని ఎవరూ అనరు. అడిగేవారు ఎవరు, ఎట్లా అడిగారు, అత్త పక్కన వుండగా అడిగారా, చెబితే ఏమవుతుందోననే భయం ఎంత వుంది అనేవన్నీ ఆ అంకెలో కలిసిపోయి వుంటాయి. దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు అని అదే సర్వే చెబుతోంది.

మన ఊళ్ళ కట్టుబడి కూడా ఇందులో వుంది. వాడలో ఇళ్ళు ఒకదాని గోడ ఒకటి ఆనుకుని వుంటాయి. ఒక ఇంట్లో చెయ్యి లేస్తే పది ఇళ్ళకు వినిపిస్తుంది. ఆ ఆడమనిషి బజారులోకి వచ్చి దుమ్మెత్తి పోస్తుంది, మొగణ్ణి తిడుతుంది, తెల్లారి కూలికి పోయినప్పుడు నలుగురికీ చెబుతుంది. ప్రహరీ గోడ వున్న ఇంట్లో జరిగింది గోడ దాటదు. అక్కడ ఏడుపు బయటికి వినిపించకపోవడమే పరువు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం వెలువరించారు. గడప దాటని ఆ స్త్రీలు రోజంతా లేసు అల్లినా దాన్ని పని అనరు, తీరిక వేళ కాలక్షేపం అంటారు అని ఆమె చూపించారు. అల్లిన లేసు ఇతర దేశాలకు పోతుంది, అల్లిన మనిషి మాత్రం వీధిలోకి రాదు. ఆమె పనే లెక్కకు రానప్పుడు ఆమె దెబ్బ ఏ లెక్కకు వస్తుంది?

అందుచేత "వాడలో ఎక్కువ, ఊళ్ళో లేదు" అనే మాటలో సగం, వినిపించడానికీ వినిపించకపోవడానికీ వున్న తేడానే. మిగతా సగం మాత్రం నిజం. పేద ఇళ్ళలో, దళిత గిరిజన కుటుంబాల్లో, చదువుకోని స్త్రీల మీద ఈ హింస ఎక్కువగా వున్నదని సర్వేల తర్వాత సర్వేలు చెబుతూనే వున్నాయి. మనవారి మీద ప్రేమతో దీన్ని దాచిపెడితే దెబ్బలు తినేది మన ఆడవారే. ఎందుకు ఎక్కువగా వుందో చూడాలి.

సారా దోషమెంత?

ఈ ప్రశ్న వేస్తే మన ఊళ్ళలో ఎవరైనా మొదట చెప్పేది తాగుడు. ఇందులో నిజం వుంది. తరచుగా తాగి వచ్చే మొగళ్ళున్న స్త్రీలలో నూటికి 70 మంది హింసకు గురయ్యారనీ, తాగని మొగళ్ళున్నవారిలో 23 మంది గురయ్యారనీ సర్వే చెబుతోంది. తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవారిలో నూటికి 43 మంది తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది.

అయితే మొత్తం దోషం సీసా మీద వేయడం కుదరదు. హిమాచల్ ప్రదేశ్‌లో మగవారిలో నూటికి 32 మంది తాగుతారు. ఆంధ్ర కన్నా ఎక్కువ. అయినా ఆంధ్రలో 30 మంది స్త్రీలు దెబ్బలు తిన్నామంటే, అక్కడ ఎనిమిది మందే అన్నారు. బీహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం వుంది. దానివల్ల లక్షల మంది స్త్రీలు దెబ్బలు తప్పించుకున్నారని 2024లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అది చిన్న మేలు కాదు. అయినప్పటికీ ఐదవ సర్వే నాటికి బీహార్‌లో నూటికి 40 మంది స్త్రీలు హింసకు గురయ్యామన్నారు. తాగినవాడు దొర ఇంటి ముందర తూలుతూ పోయినా దొర మీద చెయ్యి చేసుకోడు. పోలీసు మీద చేసుకోడు. ఎవరిని కొడితే ఏమీ కాదో మత్తులో కూడా అతనికి బాగా తెలుసు. సారా చేతికి ఊపునిస్తుంది. ఆ చెయ్యి ఎవరి మీద పడాలో నేర్పింది మాత్రం సారా కాదు.

అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి దాదాపు 84 మంది, ఏదో ఒక కారణానికి మొగడు పెండ్లాన్ని కొట్టడం న్యాయమే అన్నారు. ఆంధ్రలోనూ అంతే. హిమాచల్‌లో అట్లా అన్నవారు 15 మంది. ఈ 84 మందిని చూసి ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు గదా అనేవారున్నారు. కౌలుదారు దొర చెప్పిన కౌలు న్యాయమే అన్నట్టుగానే ఇదీ. వేరే దారి కనబడనప్పుడు మనిషి వున్నదాన్నే న్యాయం అనుకుంటుంది. దారి కనబడితే మాట మారుతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అదే జరిగింది. చదువుల కార్యక్రమంలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న కూలి స్త్రీలు తమ సంసారాల్లో సారా చేస్తున్న నాశనం గురించి మాట్లాడుకున్నారు. 1992లో వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచి ఊరి సారా దుకాణాన్ని మూయించారు. జిల్లాలో సారా వేలంపాటలు సాగకుండా ఆడవారు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. ఖజానాకు డబ్బు కావలసి వచ్చింది, ఆడవారి మాట పక్కకు పోయింది.

నెల్లూరులో ఆడవారు వేలంపాట ఆపితే, మన నిజామాబాదు జిల్లాలో అనేక ఊళ్ళలో ఊరి పేరు మీదనే వేలంపాట నడుస్తోంది. గ్రామాభివృద్ధి కమిటీలని మనవాళ్ళు పిలుచుకునే వీడీసీలు చట్టంలో చోటు లేనివి. ఎన్నికైన పంచాయతీ వేరు, ఇవి వేరు. కులానికొక పెద్దమనిషి చొప్పున మగవారే కూర్చుంటారు. ఊళ్ళో బెల్టు షాపు ఎవరు నడపాలో వీళ్ళు పాట పెడతారు. బెల్టు షాపే చట్టవిరుద్ధం, దాన్ని పాట పెట్టడం ఇంకా విరుద్ధం. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్మును కమిటీకి కడతాడు, ఆనక ధర పెంచి తాగేవాళ్ళ దగ్గర రాబట్టుకుంటాడు. ఆ సొమ్ముతో గుడికి రంగులు వేస్తారు, కమాను కడతారు. మన కూలి మనిషి తన కూలిలో సగం ఆ కమానుకు కట్టి, మిగతా సగం అడిగిన పెండ్లాన్ని కొడతాడు. ఆమె పంచాయితీ పెడదామంటే తీర్పు చెప్పేది కూడా ఆ కమిటీయే. బెల్టు షాపు మీద బతికే కమిటీ ఆమెకు ఏం న్యాయం చెబుతుంది?

ఇల్లు ఎవరిది?

తాగుడు మొత్తం కారణం కానప్పుడు మిగతాది ఎక్కడుంది? దీనికి మంచి జవాబు కేరళ నుంచి వచ్చింది. బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తిరువనంతపురం జిల్లాలో 502 మంది పెళ్ళయిన స్త్రీలను విచారించి 2005లో ఫలితాలు ప్రకటించారు. తన పేర ఇల్లుగానీ భూమిగానీ లేని స్త్రీలలో మొగడి చేత దెబ్బలు తిన్నవారు నూటికి 49 మంది. భూమి మాత్రం వున్నవారిలో 18 మంది. ఇల్లు మాత్రం వున్నవారిలో 10 మంది. రెండూ వున్నవారిలో 7 మంది. జిల్లా ఒకటే, భాష ఒకటే, చదువులు కూడా మన కన్నా మెరుగే. ఆస్తి వున్నదా లేదా అన్నచోట 49కీ 7కూ మధ్య వున్నంత తేడా వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. మన ఊళ్ళో మొగడికి కోపం వస్తే మొదట వచ్చే మాట "నా ఇంట్ల నుంచి ఎల్లిపో" అన్నది. ఆ ఇల్లు ఆమెదే అయితే ఆ మాట నోట్లోనే ఆగిపోతుంది. ఎల్లిపొమ్మనడానికి వీల్లేనప్పుడు కొట్టడానికి వెనుకాడతాడు. ఎందుకంటే కొట్టిన తర్వాత తానెక్కడికి పోవాలో ఆలోచించుకోవలసి వస్తుంది. ఆమెకు తన కప్పు లేనప్పుడు వున్న దిక్కు తల్లిగారిల్లే. అక్కడ అన్నదమ్ములు రెండు రోజులు అన్నం పెట్టి మూడో రోజు నచ్చజెప్పి పంపిస్తారు. అట్లా తిరిగి వచ్చిన మనిషి మీద చెయ్యి మరింత ధైర్యంగా లేస్తుంది.

సంపాదిస్తే చాలదా అని అడగవచ్చు. నిజామాబాదు జిల్లా ఆడవారికన్నా ఎక్కువగా సంపాదించి పెట్టినవారు ఎవరున్నారు? డిచ్‌పల్లి, ఆర్మూరు పక్కన ఏ గల్లీలో చూసినా ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ వుండే స్త్రీలే. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు కార్మికుల కుటుంబాలు వీధిన పడ్డాయి. చెరుకు మీద బతికే ఊళ్ళన్నిటికీ దెబ్బ తగిలింది. అప్పుడు కూడా పొయ్యి మీదికి ఎసరు తెచ్చినవి చాలా ఇళ్ళలో బీడీలే. అయినా బీడీలు చేసే చెయ్యి దెబ్బలు తప్పించుకోలేదు. బీడీ పైసలు ఆమె చేతికి వచ్చిన నాడే ఇంటి అప్పులకు, మొగడి జేబులోకి పోతున్నాయి. వయసు మీరి నడుము పడిపోయిన తర్వాత ఆమె దగ్గర మిగిలేది దగ్గు. 2015 నుంచి బీడీ కార్మికులకు ఇస్తున్న జీవనభృతి మేలే. కాని నెలసరి పైసకూ నిలబడే జాగకూ తేడా వుంది. పైస ఖర్చయి పోతుంది, జాగ నిలబడుతుంది.

ఆడవారికి ఆస్తి అనే మాట చట్టంలో కొత్తది కాదు. ఉమ్మడి ఆస్తిలో బిడ్డలకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. భూమి వున్న ఇళ్ళలో ఇది కాగితం మీదనే వుంది, కట్నం ఇచ్చాం గదా అని బిడ్డ చేత సంతకం పెట్టించుకుంటున్నారు. భూమి లేని ఇళ్ళకు ఆ చట్టంతో పనే లేదు, పంచడానికి ఏమీ లేదు గనుక. దళిత కుటుంబాలకు మూడెకరాలు ఆడవారి పేర ఇస్తామని 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన పథకం కొద్ది వేల కుటుంబాలకు అంది ఆగిపోయింది. దళిత స్త్రీల మీద హింస ఎందుకు ఎక్కువ అని అడిగేవారు దీనికి జవాబు చెప్పాలి. వారికి తరతరాలుగా భూమి లేకుండా చేసి, అందరికన్నా తక్కువ జాగలో గుడిసెలు వేయించి, ఆ తర్వాత వారి కులం మీద నింద వేయడం భూస్వామ్య పద్ధతి. హిమాచల్‌లో 1972లో కౌలు, భూసంస్కరణల చట్టం తెచ్చి దున్నేవారికి భూమి దక్కేటట్టు చేశారు. కొద్దో గొప్పో భూమి వున్న కుటుంబాలే అక్కడ ఎక్కువ, ఆ భూమిలో ఆడవారి కష్టమే ఎక్కువ. అక్కడ దెబ్బలు తక్కువ కావడానికి ఇదొక్కటే కారణమని చెప్పం. దీన్ని పక్కన పెట్టి చెప్పే కారణం ఏదీ నిలవదని మాత్రం చెబుతాం.

గుంపు బలం

ఇల్లు, భూమి తర్వాత మూడవది ఒకటుంది. డేవిడ్ లెవిన్సన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ప్రపంచంలోని 90 సమాజాల మీద వచ్చిన సమాచారాన్ని పోల్చి 1989లో ఒక పుస్తకం రాశారు. చాలా సమాజాల్లో పెండ్లాన్ని కొట్టడం వుంది. కొన్నింటిలో లేదనదగినంత తక్కువ. ఎక్కడ సంపద మీద, ఇంటి పెత్తనం మీద మగవాడికే అధికారం వుందో, ఎక్కడ ఆడది కాపురం విడిచిపోలేదో అక్కడ ఎక్కువ. ఎక్కడ ఆడవారు తమలో తాము గుంపు కట్టి పనిచేస్తారో అక్కడ తక్కువ.

ఈ చివరి మాట మన నాట్ల గుంపుల వారికి పుస్తకం చదవకుండానే తెలుసు. పదిహేను ఇరవై మంది స్త్రీలు వరుసగా వంగి నాటు వేస్తున్నప్పుడు ఒకామె చెంప కమిలి వుంటే దాచలేదు. "ఏమైందే అక్కా" అని పక్కనున్నామె అడుగుతుంది. మధ్యాహ్నం సద్ది తినే వేళకు సంగతి అందరికీ తెలుస్తుంది. సాయంత్రం గుంపు మేస్త్రీతో సహా నలుగురు ఆ ఇంటి ముందుకు పోతే, ఆ మొగడు ఆ పూటకు తల దించుకుంటాడు. ఒక్కపూట దించుకున్న తల రెండోసారి ఆలోచిస్తుంది. ఇది సంఘం అనే పేరు లేని సంఘం. 2006లో తొలి విడతలోనే మన జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ పనుల్లో కూడా ఇదే కనిపించింది. ఆడవారు గుంపుగా పనిచేశారు, మగవారితో సమానంగా కూలి కొలత పడింది, తమ గోడు చెప్పుకునే చోటు దొరికింది.

ఆ గుంపు ఇప్పుడు విరిగిపోతోంది. కోతలు హార్వెస్టర్ల పాలై చాలా కాలమైంది. కలుపు మందుల పాలైంది. మిగిలిన నాట్లను కొన్నేళ్ళుగా బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన మగ కూలీల ముఠాలు ఎకరానికి ఇంత అని గుత్తకు వేస్తున్నాయి. వాళ్ళ మీద మాకు కోపం లేదు. ఇల్లు విడిచి, పశువుల కొట్టాల్లో పండుకుని, తక్కువకు ఒళ్ళు వంచుతున్న ఆ కూలీలు మన వర్గం వాళ్ళే. వాళ్ళను చూపించి మన కూలి తగ్గించేది, మన కూలిని చూపించి వాళ్ళ రేటు తగ్గించేది ఒకే చెయ్యి. అయితే నాటు పోయినప్పుడు ఆడవారికి పోయింది కూలి ఒక్కటే కాదని మాత్రం గుర్తించాలి. పొలంలో కలుసుకునే నలుగురూ పోయారు. వారు గుమ్మాల్లో బీడీల చాటల ముందుకు తిరిగి వచ్చారు. ఇంటి పని, బీడీ పని, మొగడి చెయ్యి అన్నీ ఒకే నాలుగు గోడల మధ్యకు వచ్చాయి. మొగడు దుబాయికో మస్కట్‌కో పోయిన ఇళ్ళలో ఆ చెయ్యి దూరంగా వుంటుంది, దాని బదులు అత్తమామల పెత్తనం, ఫోనులో మొగడి అనుమానం వుంటాయి.

చట్టం ఊళ్ళోకి రాదు, మనమే తేవాలి

చట్టాలు లేక కాదు. భార్యను హింసించడం నేరమంటూ 1983లో 498ఏ సెక్షను వచ్చింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను కింద వుంది. గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. ఈ రెండో చట్టంలో మన ఆడవారు తెలుసుకోవలసిన ముఖ్యమైన మాట ఒకటుంది. పట్టా ఎవరి పేరున వున్నా సరే, కాపురం చేస్తున్న ఇంట్లో వుండే హక్కు భార్యకు వుంది. "నా ఇల్లు, ఎల్లిపో" అనే మాట చట్టం ముందు చెల్లదు. దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లో మొదటి విచారణ జరగాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా చట్టంలో రాసి వుంది. ఆడవారికి ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయసేవా సంస్థలున్నాయి. 181 నంబరుంది. సఖి కేంద్రాలున్నాయి.

ఇవన్నీ జిల్లా కేంద్రంలో వున్నాయి. దెబ్బ ఊళ్ళో పడుతోంది. పోయి వచ్చేసరికి ఒక కూలి పోతుంది, రెండుసార్లు వాయిదా పడితే మూడు కూళ్ళు పోతాయి. అందుకే ఆమె ఊరి పెద్దమనుషుల దగ్గరికే పోతుంది. ఆ పెద్దమనుషులు జుర్మానా వేస్తే ఆ సొమ్ము కమిటీకి పోతుంది, దెబ్బలు ఆమెకే మిగులుతాయి. 1946-51 తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గ్రామ రాజ్య కమిటీలు భూమి తగాదాలతో పాటు కాపురాల తగాదాలు కూడా విన్నాయి, ఇష్టం లేని కాపురాల నుంచి స్త్రీలకు విడాకులు ఇప్పించాయి. కుటుంబంలోని న్యాయం రైతాంగ పోరాటానికి బయటి విషయమని ఆనాటి వారు అనుకోలేదు. ఈనాడు మనం అనుకోవడానికి కారణం లేదు.

ఏం చేయాలి?

మొదటిది. బెల్టు షాపుల వేలంపాటలను ఊరూరా ఆపాలి. వీడీసీ పెట్టే పాటకు ఆడవారు గుంపుగా పోయి కూర్చోవాలి. ఎక్సైజు శాఖకూ, కలెక్టరుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మొగడూ పెండ్లాల పంచాయితీని వీడీసీ ముందు పెట్టడానికి మన సంఘం సభ్యులెవరూ ఒప్పుకోరాదు.

రెండవది. ఇంటి జాగ, ఇల్లు, ప్రభుత్వం పంచే భూమి ఏదైనా స్త్రీ పేరనే పట్టా కావాలి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో స్త్రీ పేరున మంజూరు చేయాలన్న నిబంధన వుంది. కాగితం ఆమె పేర వుండి, కాగితం పెట్టె తాళంచెవి మొగడి మొలతాడుకు వుంటే ఉపయోగం లేదు. మంజూరు పత్రం ఆమె చేతికే ఇవ్వాలని, మొగడూ పెండ్లాలు విడిపోయినా ఆమె హక్కు పోదని గ్రామసభలో చదివి వినిపించాలని అడగాలి. భూమి లేనివారికి భూమి అనే మన పాత కోరికలో "స్త్రీ పేర" అనే రెండు మాటలు చేర్చాలి.

మూడవది. నాట్ల గుంపులను కాపాడుకోవాలి. గుత్తకు వచ్చే ముఠాలతో తగవు పెట్టుకోకుండా, వాళ్ళకూ మనకూ ఒకే రేటు అనే మాట మీద రైతులతో మాట్లాడుకోవాలి. అప్పుడు తక్కువకు దొరుకుతారని మన ఆడవారిని పక్కకు నెట్టడం ఆగుతుంది. బీడీలు చేసేవారు ఎవరి గుమ్మంలో వారు కూర్చోకుండా గల్లీకొక చోట కూడి పనిచేసుకునే షెడ్డు పంచాయతీ నిధులతో కట్టించాలని అడగాలి. అది నీడ కోసమే కాదు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కోసం కూడా.

నాలుగవది. గృహహింస చట్టం కింద రక్షణాధికారి నెలకొకసారి మండల కేంద్రంలో, వారానికి ఒక రోజు పడే అంగడి నాడు కూర్చోవాలి. అంగడికి వచ్చిన ఆడమనిషి కూలి పోగొట్టుకోకుండా, ఎవరికీ అనుమానం రాకుండా ఫిర్యాదు ఇచ్చిపోగలుగుతుంది.

ఐదవది మన ఇంటికి సంబంధించినది. దొర ముందు జెండా పట్టి, ఇంటికి పోయి పెండ్లాం మీద చెయ్యెత్తేవాడు గ్రామ కమిటీలో వుండడానికి వీల్లేదనే నియమం ప్రతి యూనిట్ రాసుకోవాలి. దొర దగ్గర మన మీద వున్న అధికారాన్ని అన్యాయం అంటున్నాం. అదే అధికారాన్ని ఇంట్లో మనం చెలాయిస్తే ఆ మాటకు విలువ వుండదు.

తేడాలెందుకు అని అడిగినవారికి మా జవాబు ఇది. చెయ్యెత్తేవాడి ధైర్యం అతని రక్తంలో నుంచి రాదు. ఇల్లు తనది, భూమి తనది, పంచాయితీ తనవాళ్ళది, ఆమె వెనక ఎవరూ లేరు అనే లెక్కలో నుంచి వస్తుంది. ఆ లెక్క ఎక్కడ తారుమారైందో అక్కడ దెబ్బలు తగ్గాయి, ఏ కులమైనా, ఏ మతమైనా, ఏ రాష్ట్రమైనా. వచ్చే వానాకాలం నాట్లకు ముందే ప్రతి ఊళ్ళో గుంపు మేస్త్రీలను కూర్చోబెట్టి ఈ ఐదు విషయాలు చర్చించండి. ఎవరి కులంలో ఎక్కువ అనే చర్చ అక్కడ పెట్టవద్దు. మన ఊళ్ళో ఎంతమంది ఆడవారి పేర ఇల్లుంది, రాత్రి పూట కేక వినిపిస్తే ఎవరెవరు లేచి పోతారు అనే రెండు ప్రశ్నలు వేసుకుని, పేర్లు రాసుకోండి.